వాపు లేని కాలు

పత్రికలో ఆరోగ్యం పేజీ చూసేవాడికి ఆఫీసులో పెద్ద గౌరవం ఉండదు. రాజకీయాలు రాసేవాడికి మంత్రి ఫోను చేస్తాడు. నేరాలు రాసేవాడికి సీఐ టీ ఇప్పిస్తాడు. ఆరోగ్యం పేజీ చూసేవాడికి మాత్రం తోటి ఉద్యోగులు నాలుక బయటపెట్టి చూపిస్తారు. "కొంచెం తెల్లగా ఉంది, ఏమంటారు?" అని అడుగుతారు. నా ఉద్యోగంలో చాలా భాగం అలా నాలుకలు చూస్తూ గడిచింది. నేను డాక్టర్ని కాదు మొర్రో అంటే, "తెలుసులెండి, అయినా చెప్పండి" అనేవాళ్ళు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నాకంటే ఎక్కువ చదివినవాళ్ళు, ప్రపంచంలో ఎక్కడ ఏ పరిశోధన జరిగినా ఫోనులోనే చూసేవాళ్ళు. "ఆరోగ్యం రాయాలంటే ఏం తెలిసుండాలండీ?" అని అడుగుతారు. నేను ఎక్కడ చేరాను, ఎప్పుడు ఎదిగాను, ఏ ఎడిషన్‌కు తోలారు అన్నవి వాళ్ళకు పనికిరావు. నాకే పెద్దగా పనికిరాలేదు. అందుకని ఒక కాలు కథ చెబుతాను. చిలకలూరిపేటలో పరుపులు కుట్టే మనిషి కాలు అది. ఈ పని గురించి నాకు తెలిసినదాంట్లో ముప్పాతిక ఆ కాలు దగ్గరే నేర్చుకున్నాను.

పానకాలరావు గారి సైన్యం

మా డెస్క్ ఇన్‌ఛార్జి పేరు పానకాలరావు గారు. మంగళగిరి మనిషి. గొంతు పెద్దది, కోపం చిన్నది. ఆయనకు ఒకటే సూత్రం. "మన పాఠకుడు మిర్చి యార్డు బయట టీ తాగుతూ చదువుతాడయ్యా. గ్లాసు ఖాళీ అయ్యేలోపు అర్థమవ్వాలి. కాకపోతే ఆ కాయితంలో బజ్జీ చుట్టుకుంటాడు."

చేరిన కొత్తలో నేను ఒక వ్యాసంలో "రోగనిరోధక వ్యవస్థ ప్రతిస్పందన" అని రాశాను. ఆయన లేచి నిలబడి డెస్క్ మొత్తానికి వినపడేలా చదివారు.

"ఏవయ్యా శేషగిరీ, ఇది తిట్టా, శాపమా?"

"పాఠ్యపుస్తకంలో అలాగే ఉందండీ."

"పాఠ్యపుస్తకం పరీక్ష కోసం చదువుతారు. పేపరు ఎవడు చదవమన్నాడని చదువుతారు?"

అని, ఆ మాట కొట్టేసి "మన ఒంట్లో సైన్యం" అని రాశారు. అప్పట్నుంచి మా పేజీలో ప్రతివారం ఏదో ఒక మూల యుద్ధం జరిగేది. క్రిములు శత్రువులు, చర్మం కోటగోడ, తెల్లకణాలు సైనికులు, టీకా ముందస్తు వేగు. జలుబుకీ అదే సైన్యం, టైఫాయిడ్‌కీ అదే సైన్యం. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. జనానికి అర్థమైంది. టీకా వేయించుకోవడానికి భయపడే పల్లెల్లో ఆ సైన్యం చాలా పని చేసింది.

కానీ ఉపమానంతో ఒక చిక్కుంది. పేజీలోకి వచ్చిన ఉపమానం అద్దెకున్నవాడిలా ఒదిగి ఉండదు. కొన్నాళ్ళకు ఇల్లే తనదంటుంది. సైన్యం అన్నాక ఎక్కడ చూసినా శత్రువే కనిపిస్తాడు. జ్వరం శత్రువు, దగ్గు శత్రువు, వాపు శత్రువు. ఏది కనిపించినా కొట్టి పంపించాలనే అనిపిస్తుంది.

ఒక వానాకాలం, బండ్ల మీద నుంచి జారిపడి కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. పానకాలరావు గారు నన్ను పిలిచారు.

"ఎముక ఎలా అతుకుతుందో ఒక మంచి వ్యాసం రాయి. మన సైన్యాన్ని పెట్టు."

"ఎముక విరిగితే శత్రువెవరండీ?"

"అది నువ్వు కనుక్కో. జీతమిచ్చేది అందుకేగా" అన్నారు.

డాక్టరమ్మ గది మూలనున్న బల్ల

చిలకలూరిపేటలో ఎముకల డాక్టరు కామేశ్వరి గారు. ఇంటర్వ్యూ కావాలని ఫోను చేస్తే, "ఉపన్యాసాలివ్వడానికి నాకు టైం లేదు. ఓపీ జరిగేటప్పుడు వచ్చి ఆ మూల బల్ల మీద కూర్చోండి. పేషెంటు వద్దంటే బయటికెళ్ళాలి. మధ్యలో మాట్లాడకూడదు" అన్నారు.

కొత్తవాళ్ళకు ఇది ముందుగా చెబుతాను. డాక్టరు దగ్గరికి ప్రశ్నలు రాసుకుని వెళితే జవాబులు వస్తాయి. బల్ల మీద కూర్చుంటే విషయం వస్తుంది. ప్రశ్నకు జవాబిచ్చేటప్పుడు ఎంత మంచి డాక్టరైనా కొంచెం పుస్తకంలా మాట్లాడతాడు. పేషెంటును తిట్టేటప్పుడు మాత్రం చక్కటి తెలుగు వస్తుంది. నా వ్యాసాల్లో జనం మెచ్చుకున్న వాక్యాలన్నీ డాక్టర్ల తిట్లలోంచి ఏరుకున్నవే.

పేషెంట్లు కొంచెం పలచబడ్డాక నా ప్రశ్న అడిగాను. "ఎముక విరిగితే శత్రువెవరండీ?"

కామేశ్వరి గారు నవ్వారు. "ఎవరూ లేరు. చర్మం చిట్లలేదనుకోండి, బయట్నుంచి క్రిమి రాలేదు. అయినా మీ సైనికులంతా పరిగెత్తుకొస్తారు. ఎందుకొస్తారు?"

"తెలీదండీ."

"బాగుచెయ్యడానికి. ఎముకంటే ఎండు కర్ర అనుకుంటారు అందరూ. లోపల రక్తనాళాలుంటాయి. ఎముకతో పాటు అవీ తెగుతాయి. రక్తం అక్కడే గడ్డకడుతుంది. ఆ కబురందుకుని తెల్లకణాలు చేరతాయి. ముందొచ్చేవి తొందర మనుషులు. చెత్త ఊడ్చి అక్కడే చచ్చిపోతాయి. వాటి వెనక పెద్దవి వస్తాయి. చచ్చిన ముక్కల్ని మింగుతాయి, మింగుతూనే ఎముక కట్టే కణాల్ని రమ్మని కేకేస్తాయి. వాపు, వేడి, సలుపు అన్నీ ఆ గోలే. చిత్రమేంటంటే, కొన్నాళ్ళు పోయాక ఆ గోల చేసినవే మెత్తబడి, కట్టేవాళ్ళకి సాయంగా నిలబడతాయి. ముందు మెత్తటి అతుకు, ఆ తర్వాత గట్టి ఎముక."

నేను చకచకా రాసుకున్నాను. "అంటే వాపు మంచిదన్నమాట."

"అంతమాత్రం రాశారంటే మీ ఆఫీసుకొచ్చి కొడతాను" అన్నారామె. "కాలు రాయిలా బిగుసుకుపోయి, వేళ్ళు చల్లబడితే కాలికే ముప్పు, పరిగెత్తుకు రావాలి. నెలల తరబడి తగ్గకుండా ఉన్నా చెడే. షుగరు అదుపులో లేనివాళ్ళకి అదే గొడవ. వాపు చుట్టంలాంటిదండీ. రావాల్సినప్పుడు రావాలి, పోవాల్సినప్పుడు పోవాలి. రానివ్వకపోయినా తప్పే, పోకపోయినా తప్పే."

డాక్టర్ల మొదటి వాక్యం తీసుకుని ఆఫీసుకు పరిగెత్తేవాళ్ళను చాలామందిని చూశాను. రెండో వాక్యం దాకా ఆగండి. మొదటిది శీర్షికకు బాగుంటుంది, రెండోది పాఠకుడి కాలు కాపాడుతుంది.

మస్తాన్‌వలి వచ్చాడు

అప్పుడే చంకకర్రల మీద ఒకాయన లోపలికొచ్చాడు. వెనకాల భార్య, చేతిలో ఎక్స్‌రే కవరు. ఆయన పేరు మస్తాన్‌వలి, ఆమె పేరు హుస్సేన్‌బీ. తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం. ఇప్పుడు దూది ఏకే మిషను ట్రాలీ ఆటోలో పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. పత్తి రైతులు తమ చేలో పత్తితోనే పెళ్ళిళ్ళకు పరుపులు కుట్టించుకుంటారు. కొన్ని నెలల కిందట పరుపులు కట్టిన ఆటో మీద నుంచి పడి మస్తాన్‌వలి మోకాలి కింద ఎముక విరిగింది.

"పరుపుల మీద పడుంటే ఏమయ్యేది కాదు సార్" అని నాకు చెప్పాడు, నేనెవరో కూడా అడక్కుండా. "పరుపులన్నీ అటు పడ్డాయి, నేనిటు పడ్డా."

డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూశారు. ముఖం మారింది. కట్టు విప్పించి, కాలి ముందు భాగాన వేళ్ళతో తడిమారు.

"ఈపాటికి ఇక్కడ చేతికి గట్టిగా బుడిపె తగలాలయ్యా. నున్నగా ఉంది. మొదటి వారం నుంచీ ఇంతేగా? వాపే లేదు."

"అదేగదమ్మా! వాపే లేదు!" అన్నాడు మస్తాన్‌వలి. బడిలో మొదటి మార్కు వచ్చిన పిల్లాడి ముఖం పెట్టాడు.

"అదేనయ్యా గొడవ. ఏమన్నా వాడుతున్నావా? నేనిచ్చినవి కాకుండా?"

"లేదమ్మా."

"నాటువైద్యం? పసరు?"

"లేదమ్మా."

"ఎవరన్నా ఇచ్చిన బిళ్ళలు? మొహం చూడు ఎట్లా ఉబ్బిందో."

"ఇంట్లో కూర్చుని తింటన్నా గదమ్మా."

హుస్సేన్‌బీ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. ఆ కిటికీ అవతల గోడ తప్ప ఏమీ లేదు.

డాక్టరమ్మ ఎక్స్‌రే కిందపెట్టారు. "ఎముక అతుక్కోవట్లేదు. శుక్రవారం మళ్ళీ రా. అప్పుడు ఆపరేషన్ తేదీ పెట్టుకుందాం. నడుము దగ్గర ఎముక కొంచెం తీసి ఇక్కడ పెట్టాలి."

మస్తాన్‌వలి నవ్వు ఆగిపోయింది. "ఉన్న ఎముకకే దిక్కు లేదు, బాగున్న ఎముక కూడా కోస్తారా అమ్మా?"

ఆయన భయం ఒక్క కోత గురించే కాదు. పరుపు కుట్టేవాడు కాలు మడిచి పరుపు మీద కూర్చోవాలి, మోకాలితో అదిమి దబ్బనం గుచ్చాలి, లేచి దూది సర్దాలి. పెళ్ళిళ్ళ కాలం ముందుంది. మిషను గుడ్డ కప్పుకుని ఇంట్లో పడి ఉంది. కాలు లేకపోతే ఆ మిషను ఇంకెవరి ఆటోలోకో ఎక్కుతుంది.

వాళ్ళు బయటికి వెళ్ళాక డాక్టరమ్మ నాతో, "ఏదో మింగుతున్నాడు. చెప్పట్లేదు. నేనడిగితే ఇంకా చెప్పడు" అన్నారు.

గొప్ప చెప్పుకోనివ్వండి

ఆస్పత్రి ఎదురుగా టీ కొట్టు. భార్యాభర్తలిద్దరూ ఆటో కోసం కూర్చున్నారు. నేనూ ఒక టీ చెప్పి పక్కన కూర్చుని, పత్రికవాణ్ణని చెప్పాను. ప్రశ్న ఒక్కటీ అడగలేదు. కాలు వంక చూసి, "విరిగిన కాలంటే ఎవరూ నమ్మరండీ. ఇంత నీటుగా ఎట్లా ఉంచారు?" అన్నాను.

మనుషులు ప్రశ్నల ముందు ముడుచుకుంటారు. మెచ్చుకోలు ముందు విచ్చుకుంటారు. నలభై ప్రశ్నలకు రాని జవాబు ఒక్క గొప్పలో వస్తుంది. మస్తాన్‌వలి టీ గ్లాసు పక్కనపెట్టాడు.

"మా సుభానీ బాబాయి చేతి మహిమ సార్. మా వీధిలో ఆరెంపీ. కాలు విరిగిన మర్నాడే చూసి, 'ఏరా, ఇంత వాపేందిరా, ఈ వాపు దిగకపోతే ఎముక ఎట్టా అతుక్కుంటది' అన్నాడు. రోజూ వాపు బిళ్ళ. మా అత్తకి మోకాళ్ళకి కూడా అదే ఇస్తాడు. రెండ్రోజుల్లో కాలు తీగలాగా అయింది! చూడొచ్చినోళ్ళంతా ముక్కు మీద వేలేసుకున్నారు. 'కాలు విరిగినాక మస్తానుకి మొహంలో కళ వచ్చింది' అన్నారు."

"కాలు వాపు మొహానికెక్కింది, అదీ కళ" అంది హుస్సేన్‌బీ.

"నువ్వూరుకోవే."

"నేనూరుకుంటే నీ నడుం కోస్తారు. చెప్పయ్యా డాట్రమ్మకి!"

"చెబితే ఆమె బాబాయి మీద పడుద్ది. ఆయన మమ్మల్ని ఎత్తుకు పెంచాడు సార్. సార్, మీరు కూడా చెప్పమాకండి."

అప్పుడు నాకు తలనొప్పి మొదలైంది. కొత్తవాళ్ళు ఈ చిక్కు గురించి ఎక్కువ అడుగుతారు. ఒక మనిషి నమ్మి చెప్పిన మాట. చెప్పొద్దన్న మాట. చెప్పకపోతే ఆయన కాలు పోతుంది. చెబితే ఇక ఆ వీధిలో ఎవరూ పత్రికవాడి ముందు నోరు విప్పరు, ఆయన కూడా డాక్టరమ్మ దగ్గరికి రాడు, బాబాయి దగ్గరికే పోతాడు.

ఆఫీసుకెళ్ళి పానకాలరావు గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మాట మోసుకెళ్ళడం మన పని కాదు. అట్లాగని వదిలెయ్యడమూ కాదు. నీ చేతిలో ఉన్నదేంటి? వ్యాసం. ఆయనకర్థమయ్యేట్టు రాయి. అర్థమైతే ఆయనే చెబుతాడు. అర్థం కాలేదంటే వ్యాసం బాగోలేదని. శుక్రవారం దాకా టైముంది."

నా ఉద్యోగంలో నేను విన్న అతి కష్టమైన డెడ్‌లైన్ అది. డాక్టరమ్మకు ఫోను చేసి, "ఆయన మీకు తానే చెప్పేలా చూస్తానండీ" అన్నాను. ఆమె అర్థం చేసుకున్నారు. ఒక హెచ్చరిక మాత్రం చేశారు. "ఏం మింగుతున్నాడో నేను ఊహించగలను, స్టెరాయిడ్ బిళ్ళలే అయ్యుంటాయి. ఆపెయ్యమని మాత్రం మీరు చెప్పకండి. అన్నాళ్ళు మింగినవి హఠాత్తుగా ఆపితే మనిషి కుప్పకూలతాడు. నా చేతుల్లోనే మెల్లగా తగ్గాలి."

సలహా ఇవ్వాలన్న దురద మన పనిలో అందరికీ ఉంటుంది. ఆ రోజు ఆమె ఆ మాట అనకపోతే నేను టీ కొట్టులోనే వైద్యం మొదలుపెట్టేవాణ్ణేమో.

కట్ట తెగిన చోట

వ్యాసం రాయడానికి కూర్చుంటే ఎంత రాసినా కుదరలేదు. సైన్యాన్ని పెడితే వాపు బిళ్ళే గెలుస్తుంది. వాపు శత్రువైతే సుభానీ బాబాయి సేనాపతి కదా.

మర్నాడు ఊరికే మస్తాన్‌వలి ఇంటికి వెళ్ళాను. హాల్లో సగం మిషను, సగం మంచం. హుస్సేన్‌బీ అప్పుడే భోజనం పెడుతోంది. పళ్ళెంలో అన్నం, చారు, ఇంకేమీ లేవు.

"పథ్యం సార్" అన్నాడు మస్తాన్‌వలి దిగులుగా. "పప్పు తింటే చీము పడుద్దంట. గుడ్డు వేడంట. గోంగూర మాటే ఎత్తకూడదు. వచ్చినోడల్లా ఒకటి తీసేసి పోతన్నాడు. ఇంక మిగిలింది చారే. రేపెవడన్నా వస్తే ఇదీ పోద్ది."

గోడకు ఆనించి పరుపుల గలేబులు, దూది కూరే గుడ్డ సంచులు, దొంతరగా ఉన్నాయి. వాటిలో కొన్ని మట్టి మరకలతో ఉన్నాయి. ఏమిటని అడిగాను.

"అవా? మన పెద్ద కాలవ కట్ట తెగింది గదా, ఆ ఏడు. చేలన్నీ మునుగుతుంటే సంచులు చాల్లేదు. మా కొట్లో గలేబులన్నీ ఎత్తుకుపోయి మట్టి నింపి వేశాం. మిగిలినయ్యి ఇవి."

నాకూ ఆ రోజు గుర్తుంది. వార్త రాయడానికి నేనూ వెళ్ళాను. కూర్చుని ఆ సంగతే మాట్లాడుకున్నాం.

"ముందెవరొచ్చారు?" అన్నాను.

"ముందొచ్చినోళ్ళకి పనేం రాదు సార్, కేకలే! 'పరిగెత్తండ్రోయ్, కట్ట తెగింది' అని. అయినా వాళ్ళే కొట్టుకొచ్చిన చెట్లూ తుప్పలూ లాగేశారు. లాగకపోతే సంచి నిలవదు. వాళ్ళ కేకలకే మేమూ పోయాం. తరవాత తాపీ మేస్త్రీలు, ట్రాక్టర్లు."

"జనం ఎక్కువై గోలగా ఉంటే?"

"గోలే! అడుగు పెట్ట సందు లేదు. ఎస్సై వచ్చి ఒకటే తిట్టు."

"ఆ ఎస్సై లాఠీ తీసుకుని మొదటి రోజే అందర్నీ తరిమేసుంటే?"

"దారి బాగుండేది" అని నవ్వాడు. "కట్ట మాత్రం అట్టాగే తెగిపోయి ఉండేది."

నేను సంచిలోంచి వ్యాసం కాగితాలు తీయలేదు. అప్పటిదాకా రాసింది పనికిరాదని తెలిసిపోయింది. ఆ పూట ఆఫీసుకు వెళ్ళి మొత్తం మళ్ళీ రాశాను. ఎముక విరిగిన చోటు తెగిన కట్ట. వాపు అక్కడికి చేరిన జనం. ముందు కేకలేసి చెత్త లాగేవాళ్ళు, వాళ్ళ కేకకు వచ్చే కట్టేవాళ్ళు. కొత్త కట్ట ముందు ఎత్తుగా, వికారంగా పోస్తారు, తర్వాత చెక్కి సరిచేస్తారు. ఎముక మీద బుడిపె కూడా అంతే, కొన్నాళ్ళకు అదనపు ఎముకను తినేసే కణాలు దాన్ని చెక్కుతాయి, అవీ ఈ తెల్లకణాల వంశానివే. జనం మరీ ఎక్కువై కట్ట మీదే తొక్కిసలాట జరిగితే అది వేరే ప్రమాదం, దాని గుర్తులు ఇవీ అని రాశాను. నొప్పికి డాక్టరు కొద్ది రోజులిచ్చే బిళ్ళకూ, వాపు రానివ్వకుండా, జనాన్ని తరిమే లాఠీలా నెలల తరబడి మింగే బిళ్ళకూ తేడా రాశాను. మింగుతున్నవాళ్ళు సొంతంగా ఆపకండి, డాక్టరుకు చెప్పండి అని రాశాను. పేర్లు లేవు, వీధి లేదు, బాబాయి లేడు.

పానకాలరావు గారు చదివారు. "సైన్యమేదయ్యా?"

"సెలవులో పంపానండీ."

ఆయన ఇంకోసారి చదివి, శీర్షిక మాత్రం మార్చారు. "తెగిన చోటికి జనం రావాలి" అని పెట్టారు. తన సైన్యాన్ని తానే ఇంటికి పంపుకున్న సేనాపతిని నేను ఆయన ఒక్కణ్ణే చూశాను. పై అధికారి గొప్పవాడా కాదా అని తెలుసుకోవాలంటే, తనకు ఇష్టమైన మాటను మీరు కొట్టేసిన రోజు ఆయన ముఖం చూడండి.

శుక్రవారం

వ్యాసం అచ్చుకు ముందే తీసుకెళ్ళి మస్తాన్‌వలికి చదివి వినిపించాను. లాఠీ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఎత్తాడు.

"ఆగండి సార్. అంటే నేను రోజూ పొద్దున్నే లాఠీ మింగుతన్నానా?"

ఆయన భార్య వైపు తిరిగాడు.

"ఒసేయ్ హుస్సేనూ, విన్నావా? రోజూ జనాన్ని తరిమేసి, కట్ట ఎందుకు పడలేదని కూర్చున్నాం!"

"నువ్వు కూర్చున్నావు. నేను మొదట్నుంచీ మొత్తుకుంటన్నా" అంది హుస్సేన్‌బీ.

శుక్రవారం నేను బల్ల మీద ఉన్నాను. మస్తాన్‌వలి వస్తూనే జేబులోంచి బిళ్ళల అట్ట తీసి డాక్టరమ్మ ముందు పెట్టాడు. ఆమె చూసి ఒక్కసారి కళ్ళు మూసుకున్నారు. తర్వాత తిట్టారు. ఆ తిట్లలో చక్కటి తెలుగు చాలా ఉంది, ఇక్కడ రాయలేను. ఆయన తల వంచుకుని విన్నాడు.

"బాబాయిని ఏమనకండమ్మా. నా వాపు చూసి తట్టుకోలేక ఇచ్చాడు."

"మీ బాబాయిని నేను పిలిచి మాట్లాడతాను, కొట్టన్లే. నువ్వు మాత్రం ఇవి నేను చెప్పినట్టే తగ్గించు. ఒక్కటి కూడా సొంతంగా మానకు. ఏం తింటున్నావు?"

"చారన్నం."

"చారా? ఎముక కట్టే కణాలైనా, వాటిని పిలిచే కణాలైనా నీళ్ళతో బతుకుతాయా? పప్పు తిను, గుడ్డు తిను, మాంసం తిను."

"పప్పు తింటే చీము..." అని హుస్సేన్‌బీ మొదలుపెట్టింది.

"చర్మమే చిట్లలేదు. చీమెక్కడ పడుతుందమ్మా, ఆటోలోనా?"

ఆపరేషన్ తేదీ పెట్టలేదు. ఆగి చూద్దామన్నారు. "అతుకుతుందని నేను మాటివ్వట్లేదు. ఆలస్యమైంది. మళ్ళీ ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోతే కోత తప్పదు" అని గట్టిగా చెప్పారు. అది నేను మీకు కూడా గట్టిగానే చెబుతున్నాను. వ్యాసం రాస్తే ఎముక అతకదు. అతకడానికి అడ్డం తొలగొచ్చు, అంతే.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఎక్స్‌రేలో డాక్టరమ్మ ఒక చోట వేలుపెట్టి, "ఇక్కడ మంచులాగా ఉంది చూశారా?" అన్నారు. నాకు ఏమీ కనిపించలేదు. మస్తాన్‌వలికి కూడా కనిపించలేదు, అయినా "ఆఁ, ఆఁ, కనపడతంది" అన్నాడు. రెండోసారి అందరికీ కనిపించింది. విరిగిన గీత చుట్టూ తెల్లటి ముద్ద, తొందరగా పోసిన మట్టికట్టలా ఎగుడుదిగుడుగా ఉంది. డాక్టరమ్మ కాలి ముందు భాగం తడిమి, మస్తాన్‌వలి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టారు.

"తగిలిందా?"

ఆయన వేళ్ళు బుడిపె మీద అటూ ఇటూ కదిలాయి. "ఏమయ్యా?" అంటూ హుస్సేన్‌బీ కూడా చెయ్యి పెట్టి చూసింది.

"నడుం కొయ్యక్కర్లేదు" అన్నారు డాక్టరమ్మ. "ఒక కర్ర పారెయ్. రెండోది నేను చెప్పినప్పుడు."

పెళ్ళిళ్ళ కాలం మొదలయ్యాక ఒక రోజు పేట పక్కన పల్లెలో పత్తి రైతు ఇంటి ముందు ఆయన్ని చూశాను. పరుపు మీద కాలు మడిచి కూర్చుని దబ్బనం గుచ్చుతున్నాడు. మా పేజీలో ఒక చిన్న ఫాలోఅప్ వేద్దామనుకుని, ఫోటో తీసుకోనా అని అడిగాను.

చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కాలు మాత్రమే తియ్యండి సార్. మొహం వద్దు, పేరు వద్దు. అది నా కాలని మా వీధిలో తెలిస్తే బాబాయి చిన్నబోతాడు. అసలే డాట్రమ్మ పిలిచి మాట్లాడినకాడ్నించీ ఆ బిళ్ళల డబ్బా అటక మీద పెట్టేశాడు."

అలాగే చేశాం. పరుపు గుడ్డ మీద ఒక కాలు, ముందు భాగాన బుడిపె. కింద పేరు లేదు, ఊరు లేదు. నా ఉద్యోగంలో ఏ మనిషి వివరాలూ అంత జాగ్రత్తగా దాచలేదు.

పేపరు వచ్చిన రోజు పదింటికల్లా హుస్సేన్‌బీ ఫోను చేసింది. వెనకాల ఒకటే గోల, నవ్వులు.

"సార్, ఈయన పేపరు పట్టుకుని వీధంతా తిరుగుతున్నాడు. ప్యాంటు మోకాలి దాకా మడిచి, ఫోటో పక్కన కాలు పెట్టి, రెండూ ఒకటో కాదో చూసుకోమంటన్నాడు."

"అయ్యో, మరి బాబాయి?"

"ముందు చూపించింది ఆయనకే."